మత్తు నివారణకు లాజిక్ మోడల్: పనులతో మొదలుపెట్టాలా, సమస్యతోనా?

మాదకద్రవ్యాల వ్యతిరేక దినమైన జూన్ 26 దగ్గరపడుతోందంటే చాలు, ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. తెలంగాణ బడుల్లో మత్తు నివారణకు పెట్టిన ప్రహరీ క్లబ్బులు చూసే టీచర్లు, ఆంధ్రలో అలాంటివే అయిన ఈగల్ క్లబ్బుల బాధ్యులు, ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్లు, చిన్న స్వచ్ఛంద సంస్థల వాళ్లు, అందరూ అడిగేది అదే: "లాజిక్ మోడల్ వేసివ్వమన్నారు, ఏ పద్ధతి మేలు?" లాజిక్ మోడల్ అంటే ఏ పనితో ఏ మార్పు వస్తుందో ఒక్క కాగితం మీద చూపే పట్టిక. ఎడమ నుంచి కుడికి అందులో వనరులు, పనులు, అవుట్‌పుట్స్ (ఎన్ని పనులు జరిగాయి, ఎంతమంది వచ్చారన్న లెక్క), ఫలితాలు అనే గడులుంటాయి. వాటిలో ఏ గడి ముందు నింపుతారన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం.

మొదటిది ఎడమ నుంచి కుడికి వెళ్లే పద్ధతి. చేతిలో ఉన్న డబ్బు, మనుషులు, వాళ్లతో చేయగలిగిన ర్యాలీ, ప్రతిజ్ఞ, వ్యాసరచన పోటీ, హాజరైన విద్యార్థుల సంఖ్య, దానివల్ల పెరిగే అవగాహన, చివరికి తగ్గే వాడకం. ఒక పూటలో అయిపోతుంది. ఎవరి పని ఏమిటో స్పష్టంగా ఉంటుంది, నిధులిచ్చేవాళ్ల ఫారంలో సరిగ్గా ఇముడుతుంది. ఇప్పటికే పరీక్షించి నిలబడిన పాఠ్యక్రమం ఏదైనా మీ చేతికిచ్చి అమలు చేయమంటే ఈ పద్ధతి చాలు.

రెండోది కుడి నుంచి, అంటే మార్చాల్సిన సమస్య నుంచి మొదలవుతుంది. ఏ వయసు వాళ్లు, ఏ పదార్థం, ఎక్కడ, ఎప్పుడు వాడుతున్నారో ముందు రాయాలి. తర్వాత "ఎందుకు?" అని అడగాలి. ఆ తర్వాత "ఇక్కడే ఎందుకు?" అని మళ్లీ అడగాలి. పనులు రాసేది ఆఖర్న. అమెరికాలో మత్తు నివారణకు పనిచేసే స్థానిక కూటములకు శిక్షణనిచ్చే కాడ్కా అనే సంస్థ నేర్పేది ఈ పద్ధతినే. రెండింట్లో నా ఓటు దీనికే. కారణం ఆ రెండో "ఎందుకు".

ఒక ఉదాహరణ తీసుకుందాం. మండల కేంద్రంలో ఒక హైస్కూల్, పక్కనే బాలుర హాస్టల్. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కొందరు పంక్చర్ సొల్యూషన్ పీలుస్తున్నారని తెలిసింది. ఇది అరుదైన సంగతేమీ కాదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం పెద్దల్లో కంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు రకం ఇలా పీల్చేవి ఒక్కటే: 10-17 ఏళ్ల వారిలో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం.

ఎందుకు? చవక, అడిగితే ఎవరైనా ఇస్తారు. ఇక్కడే ఎందుకు? వెళ్లి చూస్తే తెలుస్తుంది. బస్టాండ్ దగ్గరి సైకిల్ షాపులో సొల్యూషన్ ట్యూబులు విడిగా అమ్ముతున్నారు, సైకిల్ లేని పిల్లాడు వచ్చినా ఎందుకని అడగరు. బడి వదిలాక చీకటి పడేదాకా హాస్టల్ పిల్లలకు పనేమీ లేదు, గ్రౌండ్ గేటుకి తాళం. ఈ రెండు వాక్యాలు కాగితం మీదికొచ్చాక పనులు వాటంతట అవే తేలతాయి: షాపువాళ్లతో కూర్చుని పిల్లలకు అమ్మకూడదని ఒప్పించడం, గ్రౌండ్ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని సాయంత్రాలు తెరిపించడం, పీఈటీకో సీనియర్ విద్యార్థికో ఆ బాధ్యత అప్పగించడం. సిగరెట్ అయితే బడికి 100 గజాల లోపు అమ్మకూడదని చట్టమే ఉంది, ఫిర్యాదు చేయొచ్చు. సొల్యూషన్ మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) జాబితాలో లేదు. కాబట్టి మాట్లాడి ఒప్పించుకోవాల్సిందే. పదార్థం మారితే పని ఎలా మారిపోతుందో చూడండి.

ఇదే ఊరికి మొదటి పద్ధతిలో వేస్తే ఏమవుతుంది? ర్యాలీ, బ్యానర్, మైకులో సొల్యూషన్ వల్ల వచ్చే అనర్థాల మీద ప్రసంగం. పీల్చేవాడికి అది తెలియక కాదు పీల్చేది. ఇంతవరకు ఆ ఊసే తెలియని ఆరో తరగతి పిల్లాడికి మాత్రం కొత్తగా తెలుస్తుంది. నాకు నిజంగా భయం వేసేది ఇక్కడే. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో తెచ్చిన నివారణ ప్రమాణాలు కూడా ఒకసారి చేసి వదిలేసే సభలు, సమాచారం చెప్పి భయపెట్టడం, మానేసినవాళ్ల అనుభవాలు చెప్పించడం లాంటివి ఫలితమివ్వని పద్ధతులంటున్నాయి. 1983లో లాస్ ఏంజెలెస్‌లో పోలీసులు క్లాసుల్లో మత్తుకు వ్యతిరేకంగా పాఠాలు చెప్పే డేర్ అనే కార్యక్రమం మొదలైంది. తెలిస్తే వద్దంటారన్న నమ్మకంతో అమెరికా అంతటా పాకింది. తర్వాత జరిగిన మదింపుల్లో వాడకం మీద నిలిచే ప్రభావం కనపడక, చివరికి పాఠ్యక్రమాన్నే మార్చుకున్నారు.

రెండో పద్ధతిలో ఇంకో లాభం కొలత. వాడకం తగ్గిందో లేదో మూడు నెలల్లో తేలదు. సైకిల్ షాపులో పిల్లలకు అమ్మడం ఆగిందా, సాయంత్రం గ్రౌండ్‌లో ఎంతమంది ఉంటున్నారు అన్నది మాత్రం వారానికోసారి వెళ్లి చూసుకోవచ్చు. ఐస్‌లాండ్ చేసేదీ ఇలాంటిదే: అక్కడ సర్వేల్లో పిల్లల్ని క్రమం తప్పకుండా అడిగే ప్రశ్నలు తాగుడు గురించి మాత్రమే కాదు. తల్లిదండ్రులతో గడిపే సమయం, ఆటల్లో పాల్గొనడం, రాత్రి ఎంతసేపు బయట ఉంటారన్నవీ ఉంటాయి. గడిచిన నెలలో మత్తెక్కేలా తాగామన్న 15-16 ఏళ్ల పిల్లలు 1998లో 42 శాతం, 2016 నాటికి 5 శాతం.

ఇబ్బందులు లేకపోలేదు. సమాచారం సేకరించడానికే రెండు మూడు వారాలు పడుతుంది. హెడ్‌మాస్టర్ "మా బడి పేరు పాడవుతుంది" అనొచ్చు. పేరు రాయనక్కర్లేని ప్రశ్నాపత్రమైతేనే పిల్లలు నిజం రాస్తారు. ఇక "ఎందుకు" గడిలో నిరుద్యోగం, సినిమాలు, సెల్‌ఫోన్ అని రాసేయాలనిపిస్తుంది. అవి నిజమే కావచ్చు, మీ కమిటీ కదిలించలేనివి. మీ చేతికి అందే రెండు కారణాలు రాసుకుంటే చాలు.

ఇలాంటివే మరో రెండు పేర్లు వినిపిస్తాయి. లక్ష్యాలు, కొలమానాలు పట్టికగా రాసే లాగ్‌ఫ్రేమ్ సంగతి: 1969 నుంచి విదేశీ నిధుల ప్రాజెక్టుల్లో నడుస్తున్నది, అడిగితే ఇవ్వండి, లేకపోతే అక్కర్లేదు. మార్పు ఎలా, ఎందుకు వస్తుందో వివరంగా రాసే థియరీ ఆఫ్ చేంజ్ రాష్ట్ర స్థాయి ప్రణాళికకు పనికొస్తుంది, ఒక బడికి బరువెక్కువ.

నిధులిచ్చేవాళ్లు ఎడమ నుంచి కుడికే కావాలంటే గొడవ పడొద్దు. మీరు కుడి నుంచి ఆలోచించి, పని తేల్చుకున్నాక, వాళ్ల ఫారంలోకి ఎక్కించండి. ఇప్పటికే అలవాటుపడ్డ పిల్లల్ని మాత్రం ఈ మోడల్లో కలపకండి. వాళ్లకు కావాల్సింది చికిత్స. మత్తు వదిలించే కేంద్రం వివరాలకు జాతీయ టోల్‌ఫ్రీ నంబర్ 14446 ఉంది. ఆ పిల్లల్ని ఎవరు, ఎలా తీసుకెళ్తారో, ఆ సంగతి ఎవరికి చెప్పకూడదో మొదటి మీటింగ్‌లోనే వేరే కాగితం మీద రాసుకోండి.