మారథాన్‌కు డబ్బు కట్టే ముందు ఇది చదవండి: మైపాడు రోడ్డు మీద మాకు జరిగింది

నేను నెల్లూరులో స్టాఫ్ నర్సుని. వయసు నలభై ఒకటి. సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం మైపాడు బీచ్ దగ్గర జరిగిన ఫుల్ మారథాన్‌కి, అంటే 42.2 కిలోమీటర్ల పరుగుకి, 1,400 రూపాయలు కట్టి పరుగెత్తాను. అది నా మొదటి ఫుల్. ఆ నిర్వాహకులే మళ్లీ ఇంకో పరుగుకి ఎంట్రీలు తీసుకుంటున్నారని పోయిన వారం తెలిసింది. మా డ్యూటీలో పనిచేసే ఒక చెల్లెలు కూడా డబ్బు కట్టబోయింది. అందుకే రాస్తున్నాను. ఫిర్యాదు వేయబోతున్నాను కాబట్టి వాళ్ల పేరు రాయడం లేదు. ఏం జరిగిందో మాత్రం ఒక్కటీ దాచకుండా చెప్తాను.

ఏడు నెలలు ప్రాక్టీసు చేశాను. నైట్ డ్యూటీ దిగి, ఇంటికి వెళ్లకుండా నేరుగా ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికి వెళ్లి పరుగెత్తిన రోజులు చాలా ఉన్నాయి. ఆదివారాలు మైపాడు రోడ్డే. మా ఆయన బండి మీద మజ్జిగ సీసా పట్టుకుని వెనకే వచ్చేవారు. ముప్పై కిలోమీటర్లు దాటాక ఒంట్లో నిలవున్న పిండిపదార్థం దాదాపు అయిపోయి కాళ్లు బరువెక్కుతాయి. పరుగెత్తేవాళ్లు దాన్నే వాల్ అంటారు. దానికి నేను సిద్ధపడే వెళ్లాను. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ప్రాక్టీసు లేకుండా వచ్చి వాళ్లని తిడుతున్నానని ఎవరూ అనుకోకూడదు.

పోస్టర్‌లో ఇలా ఉంది: తెల్లవారుజామున 4:30కి స్టార్ట్, రెండున్నర కిలోమీటర్లకి ఒక నీళ్ల పాయింట్, రెండు అంబులెన్సులు, ట్రాఫిక్ లేని రోడ్డు, చిప్ టైమింగ్, ఆరున్నర గంటల కటాఫ్ (అంటే ఆ లోపు పరుగు పూర్తి చేయాలి). బీచ్ దగ్గర మొదలుపెట్టి ఇందుకూరుపేట వైపు వెళ్లి వెనక్కి తిరిగి రావాలి. ఫుల్ వాళ్లకి అదే దారి రెండు రౌండ్లు. చదివి నమ్మాను.

ముందు రోజు బిబ్బులు, అంటే ఛాతీకి తగిలించుకునే నంబరు కాగితాలు, ఇచ్చేటప్పుడే నాకు అనుమానం రావలసింది. టీషర్ట్ బాగుంది. బిబ్ వెనక్కి తిప్పి చూస్తే ఖాళీ కాగితం. చిప్ అంటే పెద్ద పరికరం ఏమీ కాదు. బిబ్ వెనక అంటించిన ఒక పల్చని పట్టీ, అందులో చిన్న యాంటెనా. స్టార్ట్ దగ్గరా ఫినిష్ దగ్గరా నేల మీద పరిచిన మ్యాట్ దాటగానే మన నంబరు, టైము రికార్డవుతాయి. యూటర్న్ దగ్గర కూడా ఒక మ్యాట్ ఉంటే ఎవరు ఎక్కడ తిరిగారో తెలిసిపోతుంది. చిప్ ఏది బాబూ అని అడిగితే "రేపు పొద్దున ఇస్తాం మేడం" అన్నారు. ఇవ్వలేదు.

నాలుగింటికల్లా బీచ్‌లో ఉన్నాం. ముఖ్య అతిథి రాలేదని ఆపారు. తర్వాత జుంబా డాన్స్. తర్వాత ఉపన్యాసాలు. 5:35కి గానీ మమ్మల్ని వదల్లేదు. గంట ఆలస్యమైతే కొంపేం మునిగిందని ఊళ్లో కొందరు నాతో అన్నారు. ఐదు కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లకి నిజంగానే ఏమీ కాదు. ఫుల్ పరుగెత్తేవాళ్లకి ఆ గంట చివర్లో వచ్చి పడుతుంది, పదిన్నర పదకొండింటి ఎండలో. పైగా సముద్రం పక్క గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుందే కానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది.

మొదటి రౌండు పర్వాలేదు. నీళ్లున్నాయి, వాలంటీర్లున్నారు, చప్పట్లు కొట్టేవాళ్లున్నారు. ట్రాఫిక్ మాత్రం ఆపలేదు. ఏడు దాటాక ఆదివారం బీచ్‌కి వచ్చే కార్లు, ఆటోలు, రొయ్యల మేత వేసుకెళ్లే లారీలు మా పక్కనుంచే పోయాయి. లారీ వచ్చినప్పుడల్లా రోడ్డు దిగి మట్టిలో పరుగెత్తాం. మొదటి రౌండు ముగిసేసరికి నా వాచీలో 20.6 కిలోమీటర్లే చూపించింది. సగం అంటే 21.1 ఉండాలి. వాచీ తప్పేమోలే అనుకున్నాను.

రెండో రౌండులో, దాదాపు ఇరవై నాలుగో కిలోమీటరు దగ్గర, నీళ్ల పాయింటు కనిపించింది. బల్ల మీద నీలం రంగు క్యాన్ తలకిందులుగా బోర్లించి ఉంది. కుళాయి మూతికి ఒక బొట్టు వేలాడుతోంది. కింద తొక్కిన పేపర్ కప్పులు మోకాలెత్తు గుట్ట. పక్కన ఇంటర్ చదివే పిల్లాడు ఒక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూడగానే లేచి నిలబడి, "అక్కా, ఆరు క్యాన్లే ఇచ్చారక్కా. ఐదు కే వాళ్లే తాగేశారు. ఫోన్ చేస్తుంటే ఎత్తడం లేదు" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆ పిల్లాడిని ఏమనగలం? వాడికి పొద్దుటి నుంచి టిఫిన్ కూడా పెట్టలేదు. నా దగ్గరున్న ఖర్జూరాల్లో నాలుగు వాడికిచ్చి ముందుకి కదిలాను.

తర్వాతి రెండు పాయింట్లలో బల్లలు కూడా లేవు.

ఆ పూట మమ్మల్ని కాపాడింది రొయ్యల గుంటల దగ్గర మనుషులు. కాపలా పెద్దాయన ఒకాయన గట్టు మీద నిలబడి పిలిచాడు. "ఏందమ్మా, ఈ ఎండలో ఎందుకట్టా పరిగెత్తతా ఉండారు? ఈడ కూసోండి, బిందెలో మంచినీళ్లు ఉండాయి." అక్కడ బోరు నీళ్లు ఉప్పు, తాగడానికి పనికిరావు. ఇంటి నుంచి తెచ్చుకున్న తన తాగునీళ్లు మాకు పోశాడు. ఆ బిందె మేం ఏడెనిమిది మందిమి ఖాళీ చేశాం. ఆయన మధ్యాహ్నం దాకా ఏం తాగాడో తెలియదు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే బాధగా ఉంటుంది. 1,400 కట్టించుకున్నవాళ్లు ఇవ్వని నీళ్లు, ఏమీ తీసుకోకుండా ఆయన ఇచ్చాడు.

నర్సుగా ఒక మాట ఇక్కడే చెప్పాలి. నీళ్లు లేకపోతే ప్రమాదం, ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే అదేపనిగా తాగినా ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే నూటికి పదమూడు మందికి సోడియం తక్కువగా ఉందని తేలింది. అందుకే నీళ్లతో పాటు ఓఆర్ఎస్ కూడా ఉందా అని నిర్వాహకులను అడగాలి. వాళ్లు ఉందని చెప్పినా మీ దగ్గర రెండు ప్యాకెట్లు పెట్టుకోండి. దొరక్కపోతే లీటరు నీళ్లకి సమంగా కొలిచిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు వేసి ఇంట్లోనే కలుపుకోవచ్చు.

ఇక యూటర్న్ సంగతి. మొదటి రౌండులో తిరిగిన చోటుకి 900 మీటర్ల ముందే ఒక వాలంటీరు రోడ్డుకి అడ్డంగా నిలబడి "ఇక్కడే తిరగండి, ఇక్కడే తిరగండి" అని అందరినీ వెనక్కి పంపాడు. అసలు చోట పెట్టిన కోన్లు వ్యాన్‌లో వేసేసుకున్నారట. ఇది కాదు బాబూ అని నేనూ ఇంకో ఇద్దరూ వాదించాం. "ముందు ఎవరూ లేరు మేడం, మీ ఇష్టం" అన్నాడు. నీళ్లు లేని రోడ్డు మీద ఒంటరిగా ముందుకెళ్లే ధైర్యం లేక తిరిగాను. వాచీలో సరిగ్గా 30 కిలోమీటర్లు. నలభై రెండు పూర్తి చేద్దామని ఏడు నెలలు నిద్ర మానుకున్నదాన్ని, ఇక ఎంత పరుగెత్తినా అది నలభై రెండు కాదని అక్కడే తెలిసిపోయింది. ఆ తర్వాత ఒక్కో కిలోమీటరూ లాక్కుంటూ నడిచాను.

ముప్పై ఒకటో కిలోమీటరు దాటాక, మాకంటే ముందు వెళ్తున్న ఒక కుర్రాడు రోడ్డు మీద అటూ ఇటూ తూలాడు. కావలి నుంచి వచ్చానని స్టార్ట్ దగ్గర చెప్పాడు. నాలాగే మొదటి ఫుల్. దగ్గరికి వెళ్లి పేరు అడిగితే పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు. ఒళ్లు కాలిపోతోంది. ఎండలో పరుగెత్తే మనిషి మాట తడబడితే అది మామూలు అలసట కాదు, వడదెబ్బ అని అనుమానించాల్సిందే. బిబ్ మీద అచ్చువేసిన ఎమర్జెన్సీ నంబరుకి మూడుసార్లు చేశాం. స్విచ్ ఆఫ్. 108కి చేసి, వేపచెట్టు నీడలో పడుకోబెట్టాం. ఇలాంటప్పుడు ముందు ఒళ్లు చల్లబరచాలి, ఆ తర్వాతే బండెక్కించాలి. గుంట మోటారు పైపు లాగించి ఆ ఉప్పు నీళ్లే తలమీద నుంచి కాళ్ల దాకా ధార ఆపకుండా పోశాం. పది నిమిషాలకి "అక్కా, మా అమ్మకి చెప్పొద్దు" అన్నాడు. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది. 108 వచ్చి నెల్లూరు తీసుకెళ్లింది. మర్నాడు సాయంత్రం క్షేమంగా ఇంటికెళ్లాడు. పోస్టర్‌లో ఉన్న రెండు అంబులెన్సుల్లో ఒకటి స్టేజీ పక్కన ముఖ్య అతిథి కార్ల వెనక ఇరుక్కుపోయి ఉందని తర్వాత తెలిసింది. రెండోది అసలు వచ్చిందో లేదో ఎవరూ చెప్పలేదు.

నేను ఫినిష్ చేరేసరికి 11:20. మేం మొదలుపెట్టినప్పటి నుంచి లెక్కేస్తే ఐదు గంటల నలభై ఐదు నిమిషాలు. కటాఫ్ ఆరున్నర గంటలు. కానీ ఆర్చి గాలి తీసి మడతపెడుతున్నారు. పొడుగు నోటుబుక్కులో బాల్‌పెన్నుతో టైములు రాసుకున్న అబ్బాయి "పదకొండుకే క్లోజ్ అయింది మేడం" అన్నాడు. పోస్టర్‌లో ఉన్న 4:30 నుంచి లెక్క కట్టారు! గంటా ఐదు నిమిషాలు వాళ్లు ఆలస్యం చేసి, ఆ గంటా ఐదు నిమిషాలు మా టైములోంచి కోశారు. రిజల్టులో నా పేరు పక్కన డీఎన్ఎఫ్ అని ఉంది. అంటే పూర్తి చేయలేదని.

మెడల్ మాత్రం ఇచ్చారు. ముందు వైపు "42.2 కే ఫినిషర్" అని ఉంది. వెనక తేదీ ఉన్న చోట ఒక స్టిక్కర్. గోటితో గీరితే ఊడి వచ్చింది. కింద ఆకురాయితో అరగదీసిన పాత తేదీ, ఏదో వేరే పరుగుది.

మర్నాడు ఫోన్ చేశాను. "డిస్‌క్లెయిమర్‌కి ఒప్పుకునే కదా మేడం రిజిస్టర్ అయ్యారు, నో రిఫండ్ అని కూడా ఉంది" అన్నారు. ఆ కుర్రాడు ఎలా ఉన్నాడని ఒక్క మాట అడగలేదు. నాకు డబ్బు కంటే ఇదే ఎక్కువ కోపం తెప్పించింది.

డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి అడగండి. మొదట కోర్సు ఎలా కొలిచారో అడగండి. సరైన పద్ధతిలో సైకిల్ చక్రానికి కౌంటర్ బిగించి, ముందు స్టీల్ టేపుతో కొలిచిన దూరం మీద దాన్ని సరిచూసుకుని, ఆ తర్వాత దారంతా కొలుస్తారు. తక్కువ పడకుండా కిలోమీటరుకి ఒక మీటరు చొప్పున కలుపుతారు కూడా. "ఫోన్ మ్యాప్‌లో చూశాం", "బైక్ మీద వెళ్లి చూశాం" అంటే ఆ దూరాన్ని నమ్మకండి. రెండో రౌండుకి నీళ్లు విడిగా ఉంచుతారా, ఎన్ని క్యాన్లు, ఎవరి బాధ్యత అని అడగండి. ప్రపంచ అథ్లెటిక్స్ నిబంధనల్లో దాదాపు ఐదు కిలోమీటర్లకొక పాయింటు, వాటి మధ్యలో మళ్లీ నీళ్లు అని ఉంటుంది. పోలీసు పర్మిషన్ కాగితం చూపించమనండి. కటాఫ్ ఏ టైము నుంచి లెక్కిస్తారో మెసేజ్‌లో రాయించుకోండి. పోయినసారి రిజల్టులు చూపించమనండి. చివరి వరసలో వచ్చినవాళ్ల టైములు కూడా అందులో ఉన్నాయో లేదో ముఖ్యంగా చూడండి, ఎందుకంటే మొదట వచ్చినవాళ్లకి నీళ్లు ఎప్పుడూ దొరుకుతాయి. ఈ ప్రశ్నలకి విసుక్కునేవాళ్లకి మీ డబ్బు ఇవ్వకండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఊరుకోకండి. డబ్బు తీసుకుని చెప్పిన సేవ ఇవ్వకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. "నో రిఫండ్" అని వాళ్లంతట వాళ్లు రాసుకున్నంత మాత్రాన మన ఫిర్యాదు హక్కు పోదు. మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మనం కట్టిన డబ్బు ఐదు లక్షల లోపే కాబట్టి ఫైలింగ్ ఫీజు ఉండదు. జరిగిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి.

నేనూ ఇంకో పదకొండు మందిమీ కలిసి వేస్తున్నాం. ఆ రోజు మాతో పరుగెత్తినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీ యూపీఐ రసీదు, బిబ్ ఫోటో రెండు వైపులా, వాచీ రికార్డు, పోస్టర్ ఉంటే అదీ తీసి ఉంచండి, చెరిపేయకండి. ఇంటర్ కుర్రాడు కూడా వచ్చి ఆరు క్యాన్ల మాట చెప్తానన్నాడు. ఫినిష్ దగ్గర 39.4 కిలోమీటర్లు చూపిస్తున్న నా వాచీ ఫోటో, స్టిక్కర్ ఊడిన మెడల్ రెండూ ఆ ఫైల్లో పెట్టాను.