డిస్ఆటోనోమియా ఉన్నవారికి రక్తస్రావ సమస్యల క్లినిక్ ఎంతవరకు ఉపయోగపడుతుంది: ఒక రోగి సమీక్ష

పాట్స్ (లేచి నిలబడితే గుండె వేగం బాగా పెరిగిపోయే సమస్య) అనే డిస్ఆటోనోమియాతో, అంటే స్వయంచాలిత నాడీ వ్యవస్థ లోపంతో బాధపడుతూ, దానికి తోడు కారణం తెలియని కమిలిన మచ్చలు, అధిక నెలసరి రక్తస్రావం, తరచుగా ముక్కు నుంచి రక్తం కారడం వంటి ఇబ్బందులు ఉన్నవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. నేను చూపించుకున్నది ఒక పెద్ద ఆసుపత్రిలో హెమటాలజీ (రక్త సంబంధ వ్యాధుల) విభాగం నడిపే రక్తస్రావ సమస్యల క్లినిక్. అంతకుముందు మరోచోట ప్లేట్‌లెట్ల సంఖ్య, పీటీ, ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే పరీక్షలు) మామూలుగా ఉన్నాయని చెప్పి, మిగిలినదంతా ఆందోళన వల్లనేనని పంపించేశారు. ఆ మూడూ సరిగ్గా ఉన్నంత మాత్రాన రక్తం గడ్డకట్టడంలో లోపం లేదని అనడానికి వీల్లేదు. ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో సంఖ్య చెబుతుంది గాని అవి పని చేస్తున్నాయో లేదో చెప్పదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఒక ప్రోటీన్ తగ్గే లేదా సరిగ్గా పనిచేయని వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి తేలికగా ఉన్నప్పుడు ఏపీటీటీ కూడా మామూలుగానే రావచ్చు.

ఈ క్లినిక్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది, రక్తం తీయకముందే వివరాలన్నీ ఓపికగా అడగడం. పన్ను పీకించుకున్నాక రక్తం ఎంతసేపటికి ఆగింది, నెలసరిలో గడ్డలు పడతాయా, రాత్రి ప్యాడ్ మార్చుకోవడానికి లేవవలసి వస్తుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని ఒక్కొక్కటీ అడిగి మార్కులు వేశారు. ఈ మార్కులు పెద్దవారైన స్త్రీలలో 6, పురుషులలో 4, పిల్లలలో 3 లేదా అంతకు మించితే అసాధారణమని లెక్క. నిలబడితే నా పాదాలు ఊదారంగుకు తిరుగుతాయి. డాక్టరుగారు అక్కడ వేలితో నొక్కి, రంగు పోయి మళ్లీ రావడం చూపించి, అది రక్తం కిందికి చేరడం వల్ల వచ్చిందని, నొక్కినా పోని తొడమీది మచ్చలే చర్మం కింద రక్తం కారినవని విడదీసి చెప్పారు. తర్వాత బొటనవేలు ముంజేతికి ఆనుతుందా, మోచేతులు వెనక్కి వంగుతాయా అని కీళ్లు పరీక్షించారు. ఎలర్స్ డాన్లోస్ వంటి కొలాజెన్ (కణజాలానికి బలమిచ్చే ప్రోటీన్) లోపాలలో గడ్డకట్టే ప్రక్రియ సవ్యంగా ఉన్నా, రక్తనాళాల చుట్టూ ఉన్న కణజాలం బలహీనమై ఒళ్లు సులువుగా కములుతుంది. అవే లోపాలు ఉన్నవారిలో పాట్స్ కూడా ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఈ పరీక్ష తప్పనిసరి అని నా అభిప్రాయం.

రక్తం తీసే ముందు కాసేపు పడుకోబెట్టారు. అడ్రినలిన్ పెరిగితే రక్తనాళాల లోపలి పొర నుంచి వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ (ముందు చెప్పిన ఆ ప్రోటీన్) విడుదలై, ఉన్న లోటు పరీక్షలో కప్పబడిపోతుంది. లేచి నిలబడితేనే గుండె పరుగెత్తేవారి విషయంలో ఈ జాగ్రత్త ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. నీలిమూత గొట్టం గీత వరకు నిండకపోతే ఫలితం తప్పుతుందని, సగం నిండినదాన్ని పక్కన పెట్టి మళ్లీ తీశారు. మొదటిసారి 50 శాతానికి పైన వచ్చిన ఫ్యాక్టర్, మరోసారి చేసినప్పుడు 50కి దిగువన వచ్చింది. రక్తస్రావ చరిత్ర ఉన్నవారిలో ఆ స్థాయిని వాన్ విల్లెబ్రాండ్ వ్యాధిగానే పరిగణించాలని 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెర్రిటిన్ కూడా బాగా తక్కువగా ఉంది. ఐరన్ తగ్గితే గుండె వేగం మరింత పెరగవచ్చు కాబట్టి, నెలసరిలో పోయే రక్తం నా పాట్స్‌ను పెంచుతూ ఉండవచ్చన్నమాట.

ఇక పాట్స్‌కూ రక్తస్రావానికీ నిజంగా సంబంధం ఉందా అన్న ప్రశ్నకు క్లినిక్ ఇచ్చిన జవాబు నిజాయితీగా ఉంది. పాట్స్ ఉన్నవారి ప్లేట్‌లెట్లలో, గడ్డకట్టడానికి తోడ్పడే సెరొటోనిన్, ఏడీపీలను దాచే డెల్టా కణికలు తక్కువగా ఉంటున్నాయని యూనివర్సిటీ ఆఫ్ టొలీడో పరిశోధకులు 2016లో ప్రచురించారు. అయితే ఒక కేంద్రంలో కనిపించినదాన్ని రోగులందరికీ వర్తింపజేయలేమని డాక్టరుగారు స్పష్టంగానే చెప్పారు. ఆ కణికలను లెక్కించడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి, అది ఇక్కడ లేదు. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయో లేదో చూసే మామూలు అగ్రిగేషన్ పరీక్షలో ఈ లోపం కొన్నిసార్లు బయటపడదు. ఆ సంగతి రిపోర్టులో కూడా రాసి ఉంటే బాగుండేది. పాట్స్‌కు కొందరికి ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐ (డిప్రెషన్‌కు కూడా వాడే) మందులు ప్లేట్‌లెట్లలో సెరొటోనిన్‌ను తగ్గించి రక్తస్రావాన్ని పెంచగలవు కాబట్టి మందుల జాబితా మొత్తం చూడడం మంచి పద్ధతి.

నాకు అసంతృప్తి మిగిల్చింది రక్తపు గడ్డల విషయం. రక్తం అనవసరంగా గడ్డకట్టేలా చేయగల యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్న కొందరిలో స్వయంచాలిత నాడీ వ్యవస్థ లోపాలు కనిపించినట్టు వైద్య నివేదికలు ఉన్నాయి. ఆ పరీక్ష నేను అడిగితే గాని చేయలేదు. ఒకసారి పాజిటివ్ వస్తే కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేసి నిర్ధారించాలి. ఆయాసం, గుండెదడ పాట్స్‌లో నిత్యం ఉండేవే కావడంతో, ఊపిరితిత్తుల్లో గడ్డ చేరినా అవే లక్షణాలుగా పొరబడే ప్రమాదం ఉంది. ఒక కాలే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం ఉన్నట్టుండి పెరిగినా వెంటనే ఎమర్జెన్సీకి రావాలని రోగులందరికీ రాసి ఇవ్వాలి. నాకు అలా ఇవ్వలేదు.

చికిత్స విషయంలో మాత్రం ఎంత చెప్పినా తక్కువే. వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్‌ను పెంచే డెస్మోప్రెసిన్ అనే మందు పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒక మోతాదు ఇచ్చి, గంట తర్వాత ఒకసారి, నాలుగు గంటల తర్వాత మరోసారి ఫ్యాక్టర్ కొలిచారు. ఆ మందుతో ముఖం ఎర్రబడడం, బీపీ తగ్గడం, గుండె వేగం పెరగడం జరగవచ్చు గనుక నన్ను పడుకోబెట్టి మానిటర్ పెట్టారు. ఈ మందు ఒంట్లో నీటిని నిలుపుతుంది. పాట్స్ ఉన్నవారికి రోజుకు రెండు మూడు లీటర్ల నీళ్లు తాగమని చెబుతారు. రెండూ కలిస్తే సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుకే వారు నా కార్డియాలజిస్టుతో స్వయంగా మాట్లాడి, మందు తీసుకున్న రోజు నీళ్లు ఎంత తగ్గించాలో, రెండో మోతాదుకు ముందు సోడియం పరీక్ష చేయించాలో లేదో ప్రిస్క్రిప్షన్ మీదనే రాసి ఇచ్చారు.