గుమ్మడికాయ కొంటున్నారా? పచ్చి ముక్క నాలుక మీద పెట్టి చూడకుండా వండకండి

ఈ బతుకమ్మ రోజుల్లో వరంగల్, హన్మకొండ, కాజీపేట వైపు గుమ్మడికాయ కొనేవాళ్లందరూ ఇది చదవండి. నిండు కాయ కొన్నా, కోసి అమ్మే ముక్క కొన్నా, పొయ్యి మీద పెట్టే ముందు గోరంత పచ్చి ముక్క నాలుకకు తాకించి చూడండి. చేదుంటే ఉమ్మేసి, నోరు పుక్కిలించి, మొత్తం పారేయండి. మేం ఆ పని చేయలేదు. మా మామయ్య రెండు రోజులు సెలైన్ మీద ఉన్నారు.

పెత్రమాస నాడు పెద్దలకు బియ్యమిచ్చి, ఇంట్లో గుమ్మడికాయ పులుసు చేయడం మా అత్తమ్మ ఆనవాయితీ. నిండు కాయ మాకు ఎక్కువైతదని ముందురోజు సాయంత్రం ప్లాస్టిక్ కవరు చుట్టి పెట్టిన ముక్క 40 రూపాయలకు తెచ్చాను. లోపల పసుపుపచ్చగా, గట్టిగా, చూడ్డానికి ఏ వంకా లేదు. "నాటు కాయ అక్కా, మా ఊర్లె పండింది" అన్నాడు అమ్మేటాయన.

పులుసు ఉడికాక రుచి చూస్తే చేదు తగిలింది. పోపులో మెంతులు మాడినయనుకున్నాను. ఇంకో గడ్డ బెల్లం వేసి, కొంచెం చింతపండు రసం పోశాను. చేదు అణిగినట్టే అనిపించింది. చేసిన తప్పల్లా అదే. పిల్లలు ఒక్క ముద్దకే పళ్లెం పక్కకు నెట్టారు, నేనేమో పెత్రమాస అన్నం వదలొద్దని గదమాయించాను. ఇప్పుడు తలుచుకుంటే గుండె దడదడలాడుతుంది. వాళ్లు నా మాట వినకపోవడమే మంచిదైంది. మామయ్య మాత్రం పండుగ పూట పారేయొద్దని రెండుసార్లు వేయించుకున్నారు.

గంటన్నరకే ఆయనకు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, ఆ వెంటనే వాంతులు, విరేచనాలు. కాసేపటికి నాకూ అత్తమ్మకూ మొదలైంది. గల్లీలో అందరూ ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుకొని బయలుదేరుతుంటే మేం ఆటోలో దవాఖానకు పోయాం. ఏం తిన్నారో చెప్పగానే డాక్టరమ్మ అడిగింది ఒక్కటే: "కూర చేదుగా ఉండెనా?"

ఆ చేదు పేరు కుకుర్బిటాసిన్. గుమ్మడి, సొర, దోస, బీర తీగలు పురుగూ పుట్రా తినకుండా తమను కాపాడుకోవడానికి తయారుచేసుకునే విషం అది. మనం తినే రకాల్లో అది లేనట్టే ఉంటుంది. చేదు రకం పూల పుప్పొడి తేనెటీగలు మోసుకొస్తే ఆ ఏటి కాయకు ఏమీ కాదు. కానీ ఆ కాయ గింజలు దాచి మళ్లీ నాటితే వచ్చే కాయ చేదు కావచ్చు. అందుకే నాటు కాయ అన్నంత మాత్రాన భరోసా లేదు. పైనుంచి చూసి ఎవరూ కనిపెట్టలేరు. ఎంత ఉడికించినా ఈ విషం పోదు, బెల్లం వేస్తే నాలుక మోసపోతుందే తప్ప కడుపు మోసపోదు. దీనికి విరుగుడు మందు కూడా లేదు, ఒంట్లో నీళ్లు తగ్గకుండా చూసుకుంటూ కోలుకోవాల్సిందే.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2015లో జర్మనీలో 79 ఏళ్ల పెద్దాయన పక్కింటివాళ్ల తోటలో కాసిన చేదు జుకినీ కూర తిని చనిపోయాడు. జుకినీ కూడా గుమ్మడి జాతిదే. చేదుగా ఉందని కొంచెమే తిన్న ఆయన భార్య బతికింది. మన దేశంలో చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోయిన ఘటనల మీద భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ వేసింది. 2012లో అచ్చయిన ఆ నివేదిక కూడా ముందు చిన్న ముక్క రుచి చూడండి, చేదైతే పారేయండి అనే చెప్పింది.

దోసకాయ కోస్తే మన అమ్మలందరూ ఒక ముక్క నోట్లో వేసుకొని చూస్తారు, బీరకాయకూ చూస్తారు. గుమ్మడికాయ దగ్గర మాత్రం తియ్యటిదే కదా అని మనకు అనుమానమే రాదు.

మర్నాడు పొద్దున మా ఆయన ఆ అమ్మేటాయన దగ్గరికి పోయాడు. అదే కాయవి ఇంకా రెండు ముక్కలు బుట్టలో ఉన్నయి. "ఇంతమంది కొన్నరు, ఎవ్వరూ ఏమనలే" అని గట్టిగా మాట్లాడాడట. నువ్వే నోట్లో పెట్టుకొని చూడు తమ్మీ అంటే కొరికి, ఉమ్మేసి, 40 రూపాయలు తిరిగి ఇచ్చాడు. ఆ ముక్కలు మాత్రం బుట్టలోంచి తీయలేదు. కాయ చేదని తెలియక అమ్మడం తప్పనను, ఎవరికీ తెలియదు. ఉమ్మిన తర్వాత కూడా అమ్మకానికి పెట్టడాన్ని నేను క్షమించలేను. మా ఆయన అవే 40 రూపాయలు పెట్టి ఆ రెండు ముక్కలూ కొని చెత్త బండిలో వేసి వచ్చాడు.

మీ ఇంట్లో ఇట్లా జరిగితే చిట్కా వైద్యాలతో ఆలస్యం చేయకండి. ముసలివాళ్లూ పిల్లలూ తిన్నారంటే వెంటనే దవాఖానకు తీసుకుపోండి, చేదుగా ఉండెనని మీరే ముందు చెప్పండి. మిగిలిన ముక్క ఉంటే కవర్లో వేసి పట్టుకుపోండి. పారేసేది పశువులకూ పెట్టొద్దు.

దసరా తర్వాత బూడిద గుమ్మడికాయతో వడియాలు పెట్టేవాళ్లకూ ఇదే మాట. నాలుగు కాయలు తెస్తే నాలుగూ విడివిడిగా రుచి చూశాకే ముక్కలు పిండిలో కలపండి. చూడకుండా చేదు కాయ ఒక్కటి కలిసినా ఆ పిండంతా పారబోయాల్సిందే.