పాత బంగారం అమ్మకం: కడప, ప్రొద్దుటూరు అంగళ్లలో మా అనుభవం

మా అవ్వ గుండ్ల దండను, విరిగిన రెండు జతల రాళ్ల కమ్మలను అమ్మదలచి గత నెలలో కడపలోని ఒక దుకాణానికి వెళ్లాము. వారు దండను గీటురాయిపై ఒకసారి గీసి, గుండ్ల లోపల నింపిన లక్క, రాళ్ల కింద మొత్తం తూకంలో మూడోవంతు తీసేసి, మిగిలినదానికి 22 క్యారెట్ల ధర కడతామన్నారు. లక్క ఎంత ఉందో ఎలా తెలిసిందని అడిగితే, పాత నగలకు ఇంతేనన్నారు. మనసొప్పక తిరిగి వచ్చేశాము.

మరుసటి వారం ప్రొద్దుటూరులో పాత నగలు కొనే ఒక చిన్న అంగడికి వెళ్లాము. తూకం అంకెలు మాకు కనిపించేలా కాటాను తిప్పి పెట్టడం చూసినప్పుడే నమ్మకం కలిగింది. మొత్తం 31.460 గ్రాములు తూగింది. కరిగిస్తే నగ తిరిగి రాదని, ధర నచ్చకపోతే బిళ్లనే ఇస్తామని ముందే చెప్పి, అమ్మ సరేనన్న తర్వాతే పని మొదలుపెట్టారు. గుండ్లను వేడి చేయగా నల్లటి లక్క బుడగలు కట్టి రంధ్రాల నుంచి కారింది. రాళ్లు ఊడదీసి, మూసలో వెలిగారం వేసి కరిగించగా 23.900 గ్రాముల బిళ్ల తేలింది.

యంత్రంలో దాని స్వచ్ఛత 88.4 శాతంగా కనిపించింది. 916, అంటే 22 క్యారెట్లకు ఉండాల్సిన 91.6 శాతం, రాకపోవడానికి పాత నగల అతుకుల్లో వాడిన టాంకా (అతికించడానికి వాడే, స్వచ్ఛత తక్కువైన లోహం) కారణమని వివరించారు. ఈ యంత్రం పైపొరను మాత్రమే చదువుతుంది కనుక, హాల్‌మార్క్ (స్వచ్ఛతను ధ్రువీకరించే ముద్ర) లేని నగను కరిగించకుండా పరీక్షిస్తే ఫలితం తప్పే అవకాశం ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మే హాల్‌మార్క్ నగలపై ఆరక్షరాల గుర్తింపు సంఖ్య తప్పనిసరి కాబట్టి, వాటి వివరాలను భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లోనే సరిచూసుకోవచ్చు.

మా బిళ్లలో మేలిమి, అంటే స్వచ్ఛమైన బంగారం, 21.127 గ్రాములు. అంగడివారు ఆ రోజు మేలిమి ధరలో నూటికి ఒకటి తగ్గించుకున్నా, మొదటి దుకాణం లెక్కకన్నా గ్రామున్నర పైచిలుకు మేలిమి విలువ మాకు ఎక్కువ దక్కింది. సొమ్మును బ్యాంకు ఖాతాలో వేశారు. రసీదులో స్వచ్ఛత శాతాన్ని మేము అడిగేదాకా రాయకపోవడం మాత్రం లోపమే. దాన్ని వారంతట వారే రాయాలి.

బయలుదేరబోతుండగా, కమ్మల నుంచి ఊడదీసిన ఎర్రరాళ్లను కాగితంలో చుట్టి అమ్మ చేతిలో పెట్టారు. మొదటి దుకాణంలో వాటిని తిరిగి ఇస్తామన్న మాటే రాలేదు.