సౌండు వచ్చింది, మూడొందలు తీసుకున్నాడు

అమలాపురం గడియార స్తంభం దగ్గర సందులో ఉన్న చిన్న కంప్యూటర్ రిపేరు షాపు గురించి రాస్తున్నాను. బోర్డు కూడా సరిగ్గా కనపడదు.

నా కంప్యూటర్లో ఉన్నది ఉబుంటు 22.04, అంటే విండోస్ బదులు వాడే లైనక్స్‌లో ఒక రకం. ఇంట్లోంచే పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెప్తాను. బ్లూటూత్ హెడ్‌సెట్ బాగా పనిచేస్తుందని ఎవరో అంటే సౌండ్ నడిపే పల్స్‌ఆడియో అనే ప్రోగ్రామ్ ఉండగానే, అదే పని చేసే పైప్‌వైర్ ఎక్కించాను. అంతే, సౌండ్ పోయింది, సెట్టింగ్స్‌లో 'డమ్మీ అవుట్‌పుట్' (అంటే ఉత్తుత్తి స్పీకరు) తప్ప ఏమీ లేదు. ముందు వెళ్ళిన షాపతను మూత కూడా తెరవకుండా "విండోస్ వేసేద్దాం సార్" అన్నాడు. దండం పెట్టి వచ్చేశాను.

ఈ సందు షాపు కుర్రాడు మాత్రం ముందు సౌండ్ కార్డుని ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో చూశాడు. "ఒకే వాటాలో ఇద్దరు అద్దెకి దిగారండి" అని నవ్వాడు. పల్స్‌ఆడియో సర్వీసు (వెనకాల నడిచే ప్రోగ్రామ్) నేనూ ఆపాను, కానీ దాన్ని పిలిచే తలుపులాంటి సాకెట్‌ని వదిలేశాను. ఏ యాప్ సౌండ్ అడిగినా ఆ సాకెట్ సర్వీసుని మళ్ళీ లేపేస్తోందట! సర్వీసు, సాకెట్ రెండింటినీ మాస్క్ చేసి (మళ్ళీ లేవకుండా కట్టేసి), పైప్‌వైర్‌కి తోడుండే పైప్‌వైర్ పల్స్, వైర్‌ప్లంబర్, బ్లూటూత్‌కి కావాల్సిన లిబ్‌స్పా ప్యాకేజీ వేసి రీస్టార్ట్ చేశాడు. సౌండ్ ఎవరు నడుపుతున్నారో చెప్పే 'ప్యాక్టీఎల్ ఇన్ఫో' కమాండ్ కొడితే సర్వర్ పేరు దగ్గర 'పల్స్‌ఆడియో (ఆన్ పైప్‌వైర్ 0.3.48)' అని వచ్చింది. కొట్టిన కమాండ్లన్నీ కొబ్బరికాయల లెక్క రాసుకునే పుస్తకంలోంచి చింపిన కాగితం మీద రాసిచ్చాడు.

కూర్చోడానికి ఒక్కటే స్టూలు, మధ్యలో కరెంటు పోయి గంట ఆగాల్సొచ్చింది. ఆదివారం తీయడు. లైనక్స్ అయితే ఫోన్ చేసి వెళ్ళండి, వాళ్ళ నాన్నగారున్నప్పుడు వెళ్తే ప్రింటర్లు తప్ప ముట్టుకోరు.