యాక్సెస్ అడిగే ‘ఎస్/నో’ ప్రశ్నలు: ఏవి ఆపాలి, ఏవి ఉంచాలి

నెల్లూరు ధాన్యం వ్యాపారికైనా ఒంగోలు వైపు రొయ్యల మేత డీలరుకైనా సొంత లెక్కలకు మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్ ఇప్పటికీ పనికొచ్చే సరుకే. రైతు పేరు, రకం, పుట్లు, అడ్వాన్సు, బాకీ రాసుకోవడానికి సర్వర్ అక్కర్లేదు. ఫైలుకు 2 జీబీ హద్దు ఉంది కానీ, కాటా చీటీల ఫోటోలు అందులోకి దూర్చనంతవరకు ఇబ్బంది లేదు. గుమస్తాలకు విసుగు తెప్పించేది వేరే: ఏది తీసేసినా, డేటా మార్చే ఏ క్వెరీ (టేబుళ్లకు ఇచ్చే ఆదేశం) నడిపినా ‘చేయమంటారా?’ అని అడుగుతూనే ఉంటుంది. ఈ రివ్యూ ఆ ఒక్క సంగతి మీదే.

ప్రశ్నల స్విచ్చులు ఉండేది ఫైల్, ఆప్షన్స్, క్లయింట్ సెట్టింగ్స్‌లోని ఎడిటింగ్ భాగంలో, ‘కన్ఫర్మ్’ అన్న చోట. మూడు టిక్కులు ఉంటాయి. రికార్డ్ ఛేంజెస్ అనేది వరసలు చేత్తో తీసేసేటప్పుడు అడిగేది. డాక్యుమెంట్ డిలీషన్స్ అనేది టేబుల్, ఫారం, రిపోర్టు లాంటివి తీసేసేటప్పుడు. యాక్షన్ క్వెరీస్ అనేది అప్‌డేట్, డిలీట్, అపెండ్ (వరసలు చేర్చేది), మేక్ టేబుల్ క్వెరీలకు. మూడూ మొదట ఆన్‌లోనే వస్తాయి. రెండోదాని జోలికి మాత్రం ఎప్పుడూ పోవద్దు; పొరపాటున టేబుల్ పోతే బ్యాకప్ వెతుక్కోవాల్సి రావచ్చు.

ఇక్కడే ఈ సాఫ్ట్‌వేర్‌లోని పెద్ద లోపం. టిక్ తీస్తే ఈ ఒక్క ఫైలుకే అనుకుంటారు. కాదు, ఆ యూజర్ ఆ కంప్యూటర్లో తెరిచే ప్రతి యాక్సెస్ ఫైలుకూ వర్తిస్తుంది. అదే ఫైలును పక్క కంప్యూటర్లో తెరిస్తే ప్రశ్నలు మళ్లీ మామూలే. ఫైలుకు ఫైలు విడిగా పెట్టుకునే వీలు ఇన్నేళ్లలో ఇవ్వలేదు.

అసలు ఆ ప్రశ్నలో విలువైనది ‘ఎస్’ బటన్ కాదు, అందులో కనిపించే అంకె. ఎడగారు సీజన్ కొనుగోళ్లకు పుట్టికి 200 రూపాయలు కలపాలనుకోండి. సీజన్ షరతు మరిచిపోయి అప్‌డేట్ క్వెరీ నడిపితే, 140 అని ఉండాల్సిన చోట 1,860 వరసలు మారబోతున్నాయని అదే చెబుతుంది. నో నొక్కితే సరిపోతుంది. ఎస్ నొక్కాక అన్‌డూ లేదు. అదే క్వెరీని రెండుసార్లు నడిపితే 200 కాస్తా 400 అవుతుంది. దాన్ని మాత్రం ఈ అంకె పట్టుకోలేదు, ఎందుకంటే రెండోసారి కూడా 140 అనే చూపిస్తుంది.

తేదీల గొడవ ఇంకా ముదురు. కోడ్‌లో 05/03/2024 అని మన పద్ధతిలో, హాష్ (#) గుర్తుల మధ్య ఎస్‌క్యూఎల్ (క్వెరీలు రాసే భాష) వాక్యంలో అతికిస్తే, యాక్సెస్ దాన్ని అమెరికా లెక్కన మే 3గా చదువుతుంది. 13/03/2024 అయితే 13వ నెల లేదు కాబట్టి తిప్పి చదువుకుని సరిగ్గా మార్చి 13 అంటుంది. అంటే రోజు, నెల అంకెలు ఒకటే అయితే తప్ప నెలలో 12వ తేదీ దాకా తప్పు, 13 నుంచి ఒప్పు. పరీక్షించింది నెలాఖరున అయితే తప్పు బయటపడదు. కోత రోజుల్లో నలభై చీటీలు తెగిన రోజుకు ‘0 వరసలు’ అని ప్రశ్న వస్తే అప్పుడు అనుమానం రావాలి. ఫార్మాట్ ఫంక్షన్‌తో నెల, రోజు, సంవత్సరం వరసలో పెట్టి, రెండు పక్కలా హాష్ గుర్తులు వేస్తే మందు పడినట్టే.

విసుగెత్తినవాళ్లు చాలామంది కోడ్‌లో వాడేది ప్రశ్నలన్నీ ఆపేసే డూకమాండ్ సెట్‌వార్నింగ్స్ ఫాల్స్. ఇది మంచి అలవాటు కాదు. వీబీఏలో (యాక్సెస్‌లో కోడ్ రాసే భాష) ఒకసారి ఫాల్స్ అంటే, మళ్లీ ట్రూ అనేదాకా లేదా యాక్సెస్ మూసేదాకా అలాగే ఉండిపోతుంది. మధ్యలో ఎర్రర్ వచ్చి ట్రూ లైను దాటిపోతే ఇక ఆ పూటకు ఏ డిలీట్‌కూ అడగదు. మ్యాక్రోలో వాడితే కొంత నయం, మ్యాక్రో పూర్తికాగానే దానంతటదే ఆన్ అవుతుంది. దానికన్నా చెడ్డది ఇంకొకటి: ప్రశ్నతో పాటు ఫిర్యాదు కూడా మూగబోతుంది. వేబ్రిడ్జి ఎక్సెల్ నుంచి 120 చీటీలు అపెండ్ చేస్తే, 7 చీటీల నంబర్లు ముందే టేబుల్లో ఉన్నాయనుకోండి. మామూలుగా అయితే ‘కీ వయొలేషన్ వల్ల 7 చేరలేదు’ అంటుంది. నోరు కట్టేస్తే 113 చేర్చి ఊరుకుంటుంది. రైతు వచ్చి అడిగేదాకా తెలియదు.

సరైన దారి కోడ్‌లోంచి క్వెరీని నేరుగా నడిపే కరెంట్‌డీబీ ఎగ్జిక్యూట్, దాని చివర డీబీఫెయిల్‌ఆన్‌ఎర్రర్. ఇది ప్రశ్న అడగదు, కానీ తేడా వస్తే ఎర్రర్ ఇచ్చి మార్పులన్నీ వెనక్కి తీసుకుంటుంది. ఎన్ని వరసలు మారాయో రికార్డ్స్‌అఫెక్టెడ్ చెబుతుంది. అయితే కరెంట్‌డీబీని ముందుగా ఒక వేరియబుల్‌లో పెట్టుకుని రెంటికీ దాన్నే వాడాలి. విడివిడిగా పిలిస్తే అంకె సున్నా వస్తుంది. క్వెరీలో ఫారం మీది బాక్సును ప్రస్తావిస్తే 3061 ఎర్రర్, ‘టూ ఫ్యూ పారామీటర్స్’ అని వస్తుంది. ఆ విలువను వాక్యంలోనే కలపాలి, లేదా పారామీటర్‌గా అందించాలి.

సొంత ప్రశ్న కావాలంటే ముందు డీకౌంట్‌తో లెక్కపెట్టి ఆ అంకెను మెసేజ్‌బాక్స్‌లో చూపించండి. వీబీడిఫాల్ట్‌బటన్2 కలిపితే ఎంటర్ కొట్టే చేతికి ‘నో’ తగులుతుంది. తెలుగులో అడగాలనుకుంటే ఆ వాక్యాన్ని వీబీఏ ఎడిటర్‌లో నేరుగా రాయడం కుదరదు, అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాల బారు కనిపిస్తుంది. చిన్న ఫారం చేసి, లేబుల్‌లో నిర్మల యూఐ ఫాంటుతో తెలుగు రాసి, జవాబిచ్చేదాకా కోడ్ ఆగేలా ఏసీడైలాగ్‌తో తెరవండి. పదిహేను నిమిషాల పని, గుమస్తా చదివి నొక్కుతాడు.

ఫారంలో వరస తీసేసేటప్పటి ప్రశ్నకు బిఫోర్‌డెల్‌కన్ఫర్మ్ ఈవెంట్ (ఆ సమయంలో నడిచే కోడ్‌కు చోటు) ఉంది. రెస్పాన్స్‌ను ఏసీడేటాఎర్‌కంటిన్యూ చేస్తే సొంత ప్రశ్న అడగొచ్చు, వద్దంటే క్యాన్సిల్‌ను ట్రూ చేయాలి. మెలిక ఏమిటంటే, ఆప్షన్స్‌లో రికార్డ్ ఛేంజెస్ టిక్ తీసేస్తే ఈ ఈవెంట్ అసలు నడవదు. రెండు ప్రశ్నలూ పోతాయి. అందుకే టిక్ ఉంచి, ఫారం దగ్గరే మార్చుకోవడం మేలు.

మూసేటప్పుడు వచ్చే ‘డిజైన్ మార్పులు సేవ్ చేయాలా’ అనేది డేటా గురించి కాదు, ఫారం రూపం గురించి. డూకమాండ్ క్లోజ్‌లో ఏసీసేవ్‌నో చాలు. పైన పసుపు పట్టీలో ‘ఎనేబుల్ కంటెంట్’ అన్నది ఈ టిక్కులకు సంబంధం లేనిది. ట్రస్ట్ సెంటర్‌లో ఆ ఫోల్డరును ట్రస్టెడ్ లొకేషన్‌గా చేరిస్తే పోతుంది. మ్యాక్రోలన్నీ ఎనేబుల్ చేసే తేలిక దారి పట్టొద్దు.

ప్రశ్నలు అడగడంలో యాక్సెస్‌కు మంచి మార్కులే వేస్తాం, వాటిని అదుపులో పెట్టుకునే ఏర్పాటుకు సగమే. కాటా దగ్గర, గోడౌన్‌లో ఉండే అదనపు కంప్యూటర్లకు ఉచిత యాక్సెస్ రన్‌టైమ్ (ఫైళ్లు నడపడానికే తప్ప డిజైన్ మార్చడానికి కుదరనిది) చాలు కానీ, అందులో ఆప్షన్స్ తెర ఉండదు. టిక్కులు మార్చాలంటే అప్లికేషన్ సెట్‌ఆప్షన్‌తో కోడ్‌లోంచే. ఇంకో జాగ్రత్త: రన్‌టైమ్‌లో ఎర్రర్‌ను పట్టుకునే ఆన్ ఎర్రర్ లైను పెట్టని చోట వీబీఏ ఎర్రర్ వస్తే ప్రోగ్రామ్ మొత్తం మూసుకుపోతుంది. ఎగ్జిక్యూట్ రాసిన ప్రతి ప్రొసీజర్‌లో ఎర్రర్ హ్యాండ్లర్ పెట్టాకే ఫైలును కాటా దగ్గరికి పంపండి.