సాతి ఊళ్లో ఇంకో రాత్రి: కజకిస్థాన్‌లో మా పదకొండు రోజులు

మా అక్క కూతురు అల్మాటీలో మెడిసిన్ చదువుతోంది. అక్కడ మన తెలుగు పిల్లలు బాగానే ఉన్నారు. "పిన్నీ, నా చదువు అయిపోయేలోపు ఒక్కసారైనా రండి" అని రెండేళ్లుగా పిలుస్తుంటే, సెప్టెంబర్ మూడో వారంలో నేనూ మావారూ బయల్దేరాం. మన పాస్‌పోర్టుకి 2022 నుంచి పద్నాలుగు రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఢిల్లీలో నేరుగా వెళ్లే విమానం ఎక్కితే నాలుగు గంటల లోపే దిగిపోతాం. గడియారం అరగంట వెనక్కి తిప్పుకుంటే చాలు.

దూరాల సంగతి ముందే చెప్పాలి. 27 లక్షల చదరపు కిలోమీటర్ల దేశం, జనం రెండు కోట్లు. తెలంగాణ జనాభా కూడా లేదు. మా మొదటి ప్లానులో అల్మాటీ, అస్తానా, తుర్కెస్తాన్, కాస్పియన్ సముద్రం పక్కనున్న మంగిస్తావ్ అన్నీ ఉన్నాయి. రాకేశ్ శర్మ 1984లో అంతరిక్షానికి వెళ్లింది బైకనూర్ నుంచి కాబట్టి అదీ చూడాలని మావారి పట్టు. దానికి ముందే అనుమతి తీసుకోవాలి, అప్పటికప్పుడు కుదిరేది కాదు. మా పిల్ల ఆ కాగితం చూసి సగానికి పైగా కొట్టేసింది. "ఇవన్నీ పెట్టుకుంటే ప్రయాణాలే మిగుల్తాయి బాబాయ్" అంది. అది చేసిన మేలు అంతా ఇంతా కాదు.

అల్మాటీలో హోటల్ కాకుండా వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకున్నాం. శాకాహారులకి నా గట్టి సలహా ఇదే. బియ్యం, టమాటాలు, గుడ్లు, పెరుగు అన్నీ దొరుకుతాయి. బయట మాంసం లేకుండా తినడం కష్టం. రష్యన్‌లో 'బెజ్ మ్యాసా' అంటే మాంసం లేకుండా అని, ఆ మాట బట్టీ పట్టుకుని వెళ్లండి. అయినా సూప్‌లో ముక్కలు తీసేసి రసం ఉంచేస్తారు, అడిగి చూసుకోవాలి. మావారు మాంసం ముట్టరు. ఆయన్ని కాపాడింది కొరియా వాళ్ల క్యారెట్ సలాడ్. 1937లో స్టాలిన్ ప్రభుత్వం కొరియన్లని తూర్పు సరిహద్దు నుంచి వేలల్లో రైళ్లెక్కించి ఇక్కడికి తోలింది. వాళ్ల వారసులు గ్రీన్ బజార్‌లో వరసగా కూర్చుని వెల్లుల్లి, వెనిగర్ కలిపిన ఆ తురుము అమ్ముతారు. గుమ్మడికాయ పెట్టిన సంసా, మన సమోసాలాంటిది, అది కూడా దొరుకుతుంది. అదే బజార్లో తెల్లటి ఉండలు 'కుర్త్' రుచి చూడమని ఒకామె చేతిలో పెట్టింది. గట్టి పెరుగుకి ఉప్పేసి ఎండబెట్టినవి. నాకు మింగుడుపడలేదు, రుమాల్లో చుట్టేసుకున్నాను.

ఊళ్లో దారి సులువు. కొండలెటుంటే అటు పైకి, రెండో వైపు కిందికి. అందరూ అలానే దారి చెప్తారు. రోడ్ల పక్కన కాలువల్లో కొండ నీళ్లు పారుతుంటాయి. యాండెక్స్ యాప్‌లో టాక్సీ పిలిస్తే చవక, బేరం గొడవ ఉండదు. మెదెయూ స్కేటింగ్ మైదానానికి మాత్రం 12 నంబర్ బస్సే ఎక్కండి. అక్కడి నుంచి రోప్‌వేలో కొండ మీదున్న షింబులాక్ అనే స్కీయింగ్ కేంద్రానికి వెళ్లొచ్చు. మేం వెళ్లినరోజు మబ్బు కమ్మేసి ఏమీ కనపడలేదు, కాబట్టి తెల్లారి కిటికీలోంచి కొండలు చూసుకుని అప్పుడు టికెట్ కొనండి.

ఇక మా తప్పు. చారిన్ లోయ, కోల్సాయ్ చెరువు, కైండీ చెరువు మూడూ ఒక్కరోజులో చూపిస్తామన్న బస్సు ఎక్కాం. తెల్లవారకముందు బయల్దేరి అర్ధరాత్రికి దింపారు. పగలంతా బస్సులో, కిందికి దిగితే పరుగు. కైండీ దగ్గర మాకు దక్కింది అరగంట. నడుం నొప్పితో ఫ్లాట్‌కి వచ్చాక కూడా ఆ చెరువు కళ్లలోంచి పోలేదు. నాలుగోరోజు మళ్లీ అటే, ఆ చెరువుల దగ్గరున్న సాతి ఊరికి బయల్దేరాం, ఈసారి కారు మాట్లాడుకుని, రెండు రాత్రులకి. డబ్బు రెండుసార్లు పోయింది. మీకు పోకూడదనే రాస్తున్నాను.

సాతి చిన్న పల్లె. అల్మాటీ నుంచి దాదాపు ఐదు గంటలు. దారిలో చారిన్‌లో రెండు గంటలు ఆగాం. ఎర్రమట్టి గోడలు బురుజుల్లా నిలబడి ఉంటాయి. మా గండికోట తెలిసినవాళ్లకి మొదట పెద్దగా అనిపించకపోవచ్చు గానీ, కిందికి దిగి చివర నది దాకా నడిస్తే ఆ ఎత్తు అర్థమవుతుంది. ఎండకి టోపీ, నీళ్లు తప్పనిసరి.

ఊళ్లో ఒక కుటుంబం ఇంట్లోనే గదులు అద్దెకిస్తే దిగాం. పొద్దున, రాత్రి భోజనం వాళ్లదే. మరుగుదొడ్డి పెరట్లో, రాత్రి చలికి టార్చి పట్టుకుని పరుగెత్తాలి. పెద్దవాళ్లుంటే గదిలోనే బాత్రూం ఉందా అని ముందే అడగండి. మిగతా అంతా నాకు ఆనందమే. ఇంటావిడ పాలు పోసిన టీ చిన్న గిన్నెల్లో సగమే ఇస్తుంటే పిసినారితనం అనుకున్నాను. కాదట. సగం పోస్తే మళ్లీ మళ్లీ అడగాలని, ఇంకాసేపు కూర్చోమని. నిండుగా పోస్తే ఇక లేవమని అర్థమని మా పిల్ల చెప్పింది. ఆవిడ నాకెప్పుడూ నిండుగా పోయలేదు.

కైండీకి మామూలు కారు పోదు. సాతి నుంచి రొట్టె ఆకారంలో ఉండే పాత రష్యన్ వ్యాన్లు వాగుల్లోంచి తీసుకెళ్తాయి, తల పైకప్పుకి కొట్టుకోకుండా గట్టిగా పట్టుకోవాలి. తర్వాత నడక, లేదా గుర్రం. 1911 జనవరిలో వచ్చిన భూకంపానికి కొండచరియ విరిగి లోయకి అడ్డం పడింది. నీళ్లు నిలిచి స్ప్రూస్ చెట్ల అడవి మునిగిపోయింది. ఆ మాన్లు ఇప్పటికీ నీలాకుపచ్చ నీళ్లలోంచి తెల్లటి స్తంభాల్లా నిటారుగా లేచి ఉన్నాయి. నీళ్లు ఎంత చల్లనంటే లోపల కొమ్మలకి ఆకులు కూడా కుళ్లలేదంటారు. పొద్దున ఎనిమిదింటికి మేం ముగ్గురం తప్ప ఎవరూ లేరు. బస్సులు పదకొండు తర్వాతగానీ రావు. అల్మాటీలో పాన్‌ఫిలోవ్ పార్కులో 1907లో పూర్తయిన చెక్క చర్చి ఉంది చూడండి, అదే భూకంపాన్ని తట్టుకుని నిలబడింది. రెండూ చూశాక అవి నాకు ఒకే కథలా కనిపించాయి.

కోల్సాయ్ మొదటి చెరువు 1,800 మీటర్ల ఎత్తున ఉంది, మెట్లు దిగితే చాలు. రెండో దానికి వెళ్లడానికే మూడు నాలుగు గంటల ఎక్కుడు. మేం సగంలో వెనక్కి వచ్చేశాం. ఇంకో రాత్రి ఉండి ఉంటే తీరిగ్గా వెళ్లేవాళ్లం.

అస్తానాకి విమానంలో గంటన్నరలో వెళ్లిపోవచ్చు. మేం రాత్రి రైలెక్కాం, అందుకు సంతోషంగా ఉంది. తెల్లవారాక కిటికీ పక్కన గడ్డి మొదలైంది. ఎండిన గోధుమరంగు గడ్డి, ఆకాశం, ఎక్కడో ఒక గుర్రాల మంద. మళ్లీ గడ్డి. రెండు గంటలు మావారితో ఒక్క మాట మాట్లాడలేదు. స్టెప్పీ అనే ఈ గడ్డి మైదానం చూడటానికి ప్రత్యేకంగా ఎక్కడికీ పోనక్కర్లేదు, రైల్లో కింది బెర్తు దొరికితే చాలు.

అస్తానా 1997లో రాజధాని అయింది. బైతెరెక్ గోపురంలో పైకెక్కే అంతస్తు అందుకే 97 మీటర్ల ఎత్తున పెట్టారు. గాజు భవనాలు గొప్పవే, మధ్య దూరాలూ గొప్పవే, గాలి ముఖాన కొడుతుంది. అక్కడ నదికి ఎడమ గట్టున, బైతెరెక్ దగ్గర్లోనే గది తీసుకోండి. ఒకటిన్నర రోజు చాలు.

అందులో ఆ అర రోజు మాత్రం ఊరికి పడమట అక్మోల్ అనే పల్లెలోని ఆల్జిర్ స్మారకానికి ఇవ్వండి. 1938 నుంచి స్టాలిన్ పోలీసులు 'దేశద్రోహుల భార్యలు' అని ముద్ర వేసిన వేలమంది ఆడవాళ్లని ఉంచిన శిబిరం అది. చేసిన నేరం మొగుడి పేరే. నల్లరాతి గోడల మీద వరసగా పేర్లు. చుట్టుపక్కల కజక్ పల్లెవాళ్లు ఖైదీల మీదికి రాళ్లు విసిరేవాళ్లని కాపలావాళ్లు నవ్వుకున్నారట. ఒకామె వాటి మధ్య పడిపోతే ముక్కుకి పాల వాసన తగిలింది. అవి రాళ్లు కావు, కుర్త్. రాత్రి గదుల్లో పంచుకుని తిన్నారని చెప్తారు. మా పిల్ల తర్జుమా చేస్తూ చేస్తూ మధ్యలో ఆగిపోయింది.

తిరుగు ప్రయాణంలో అల్మాటీలో ఒక పూట దొరికింది. గ్రీన్ బజార్‌కి వెళ్లి అరకిలో కుర్త్ కొన్నాను. ఇంట్లో చల్ల మిరపకాయలకి బదులు పెరుగన్నంలో నంజుకుంటున్నాం. సగం డబ్బా ఇంకా ఉంది.